ఠప్ టీచరమ్మ

ఆ రోజుల్ల జహీరాబాద్‌ల సైన్సు చదువంటే నల్లబోర్డు మీద సుద్దముక్కతోని గీసుడే. బోర్డు మీది గొట్టంల ఎన్నడన్న బుడగలు లేస్తయా? కొత్తగ నౌకరీల జేరిన నాకేమో అన్నీ పిల్లలకు కండ్లార చూపెట్టాలని పిచ్చి. నీళ్లను కరెంటుతోని విడగొడితే ఉదజని, అదే హైడ్రోజన్ గాలి, వస్తదని, అది మండుతదని తొమ్మిదో తరగతిల చెప్పిన. ఆ మాట హెడ్మాస్టర్ సార్ చెవుల వడ్డది. "నీళ్లు నిప్పును ఆర్పుతయి గని, నీళ్లల్ల నిప్పెట్ల పుడ్తదమ్మా? రేపు నా ముంగట చూపెట్టు. లేకుంటే ఈ ప్రయోగాలు బందు, ఆ పీరియడ్ లెక్కల సారుకిస్త" అన్నడు. (లెక్కల సార్ అప్పుడే సంబురపడుతున్నడు.)

తెల్లారి ఒక చెరుకు రైతును బతిమాలి ట్రాక్టర్ బ్యాటరీ తెప్పించిన. పాత టార్చి సెల్లులు పలగ్గొట్టి నల్ల కడ్డీలు తీసిన. బట్టల సోడా కలిపిన నీళ్లల్ల వాటిని నిలవెట్టి, నీళ్లు నింపిన గాజు గొట్టాలు పైన బోర్లించి, కడ్డీలకు బ్యాటరీ తీగలు తగిలించిన. "టీచరమ్మా, బుడగలు లేస్తున్నయి!" అని పిల్లలు బల్లలెక్కిన్రు. నేను ఉబ్బిపోయిన. ఉబ్బి ఏం జేసిన? ఉదజని నిండిన గొట్టం తీసి, మూతి మీదికి తిప్పి, సార్ ముక్కు ముంగట పెట్టి, "చూడున్రి సార్" అని అగ్గిపుల్ల గీసిన. ఏం లేదు. ఇంకో పుల్ల గీసిన. నా వేలు కాలింది, అంతే.

"అయిపోయిందామ్మా?" అని సార్ లేసిండు. అప్పుడు చూసిన, నా ఎన్కనే బోర్డు మీద నేనే రాసిన అక్షరాలు: 'ఉదజని గాలి కన్న తేలిక.' మూతి మీదికి తిప్పంగనే అది ఎప్పుడో ఎగిరిపాయె! "సార్, జర ఆగున్రి" అని గొట్టంల మళ్ల నీళ్లు నింపి కడ్డీ మీద బోర్లించిన. ఆయన తలుపు కాడ నిలవడి, విసుగ్గ నశ్యం డబ్బి తీసిండు. ఈసారి గొట్టం మూతి కిందికే ఉంచి పుల్ల పెట్టిన. ఠప్! సార్ ఎగిరిపడ్డడు, డబ్బి గాల్లకు లేసింది, క్లాసు క్లాసంత తుమ్ముడే. తుమ్ముకుంటనే సార్ ఎనక్కొచ్చి, ముందు బల్ల మీద పిల్లల నడుమ కూసుండి, "మళ్లొకసారి జెయ్యమ్మా" అన్నడు. మూడోసారి పుల్ల ఆయనే పెట్టిండు. ఆ పీరియడ్ నాకే మిగిలింది.

గర్వమే, ఎందుకు దాసుకోవాలె? ఆనాటి నుంచి నేను ఊరందరికీ 'ఠప్ టీచరమ్మ'నే. న్యాల్‌కల్ బస్సు కండక్టర్ సుత "ఠప్ టీచరమ్మకు జాగియ్యున్రి" అనేటోడు. మొన్న బస్టాండుల ఎవరో నా అసలు పేరు పెట్టి ఎంతసేపో పిలిచిన్రంట, నాకు ఇనవడనే లేదు. తలనెరిసిన ఒకామె "ఠప్ టీచరమ్మా!" అన్నదో లేదో, మోకాళ్ల నొప్పి మర్చి గిర్రున తిరిగిన.