ఎవరూ కట్టని హెలికాప్టర్

నాంపల్లిలో కొయ్యబొమ్మలు చెక్కి బతికినవాణ్ణి. చదువు రాదు. పడుచు వయసులో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత తెలుగు పుస్తకమొకటి కొన్నాను, చిత్రాల కోసమే. అందులో ఒక మిలిటరీ హెలికాప్టర్ ఉంది. దానికి రెండు పక్కలా మనిషి పట్టేంత పొడుగు పెట్టెలు. గాయపడ్డ సిపాయిలను పడుకోబెట్టి దవాఖానకు తెచ్చే మంచాలని అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే చదువు రాదని తెలిసిపోతుంది.

అప్పటి నుంచి దాన్ని చెక్కుతూనే ఉన్నాను. కొన్నవాళ్లందరికీ అదే కథ చెప్పాను. దవాఖానలో ఉన్న పిల్లల కోసం చాలామంది పట్టుకుపోయారు.

అరవై ఎనిమిదో ఏట కోడలు అక్షరాలు నేర్పింది. మొన్న పొద్దున ఆ పుస్తకమే నా ముందు పెట్టింది.

"మామా, గీ బొమ్మ కింద ఏమున్నదో నువ్వే చదువు."

వేలు పెట్టి కూడబలుక్కున్నాను. పక్క పెట్టెల్లో... విష... వాయువు.

"తప్పు చదివినట్టున్న. నువ్వు చూడు బిడ్డా."

"తప్పు గాదు మామా. ఊర్ల మీద వదిలెటందుకట." ఆమె గొంతు తగ్గింది. "గాని గంతల యుద్ధం అయిపోయిందట. తయారే చెయ్యలేదట. ఒక్కటి గూడ."

యుద్ధం చేసినవాళ్లు కూడా కట్టని దాన్ని ఇన్నేళ్లూ నేను కట్టాను. జబ్బు పిల్లల చేతుల్లో పెట్టాను.

అప్పుడే ఒక తల్లి వచ్చింది. ఆ రోజు కూతురికి ఆపరేషన్. హెలికాప్టర్ పక్కన ఉంటేనే లోపలికి పోతానని పిల్ల మొండికేసిందట. వారం కిందట చెప్పి చేయించుకున్న బొమ్మ, రంగు ఆరి సిద్ధంగా ఉంది.

"ఇయ్యనమ్మా," అన్నాను. "గవి మంచాలు గావు, విషం పెట్టెలు. చదువు రాక నీకు అబద్ధం చెప్పిన."

ఆమె నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. "ఏంది తాతా, గిప్పుడా చెప్పేది? మంచం మీద పండుకొని ఎగురుతనని అది రాత్రి నుంచి ఒకటే పాట. పోయి గిట్లనే చెప్పాల్నా దానికి?"

ఉలి అందుకున్నాను. పెట్టెల మూతలు లేపేసి, లోపల వేలెడు బొమ్మ పడుకునేంత గుంట తీశాను. రంగు పెచ్చులూడింది.

"జల్ది చెయ్యి తాతా, లోపలికి తీస్కపోతరు."

ఒక గుంటలో గుడ్డముక్క పరిచి ఇచ్చాను. ఆమె పరుగున పోయింది.

అది ఒక్కటి మంచమైంది. మిగతావి ఏ ఇళ్లలో ఉన్నాయో నాకు తెలియదు.