పాడే నోటికి పసుపు

మా వియ్యపురాలు పోయారు. పొద్దున్నే మా అల్లుడు ఫోన్ చేసి, "అత్తయ్యా, అమ్మ..." అని ఆగిపోయాడు. మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను. మొదలుపెట్టిన వాక్యాన్ని చివరిదాకా చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు, ఆవిడకు తప్ప. ఆవిడైతే నా వాక్యాలు కూడా పూర్తి చేసేవారు.

బందరులో బస్సెక్కి, పులిగడ్డ వంతెన దాటి దివిసీమలోకి దిగేదాకా నేను ఏడవలేదు. ఏడిస్తే పక్క సీటావిడ ఎవరు పోయారమ్మా అని అడుగుతుంది. వియ్యపురాలని చెబితే నమ్మదు. వియ్యపురాలి కోసం బస్సులో ఏడ్చే ఆడదాన్ని మన వైపు ఎవరూ చూసి ఉండరు.

నేను బందరు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. ఆవిడ నాగాయలంక దగ్గర పల్లెలో వ్యవసాయదారుల ఇంటి కోడలు. మా అమ్మాయిని వాళ్లబ్బాయికి ఇచ్చాం. పెళ్లి భోజనాల బంతిలో అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకరినొకరు దెప్పుతూ పాటలు పాడటం ఆవిడ వైపు ఇంకా పోలేదు. మా ఇళ్లలో ఎప్పుడో పోయింది. చదువుకున్నవాళ్లం కదా, మేం వెనకాల దెప్పుకుంటాం. ఆ రోజు నేను నెయ్యి గిన్నె పట్టుకుని వడ్డిస్తూ వస్తుంటే, ఆవిడ విస్తరి ముందు కూర్చునే గొంతెత్తారు.

బందరు వదినమ్మ బహు చదువుల గుమ్మ
బడిగంట వినకుంటే వడ్డించదమ్మా!

బంతి బంతంతా నవ్వింది. నేను నెయ్యి వేస్తూ, గంట కొడితే మేం క్లాసులోంచి బయటికి పోతాం వదినగారూ, లోపలికి రాం అన్నాను. ఆవిడ ఇంకా గట్టిగా నవ్వి, ఇంకాస్త వెయ్యమన్నట్టు విస్తరి నా వైపు జరిపారు. అక్కణ్ణుంచి మేం స్నేహితులం. వియ్యపురాళ్లకి ఈ స్నేహమేమిటని ఎవరైనా విడ్డూరంగా అడిగితే ఆవిడది ఒకటే జవాబు: "దెప్పాలన్నా మనిషి దగ్గరిదై ఉండాలండీ. దూరపుదాన్ని దెప్పితే అది తిట్టవుతుంది."

ఏటా మినుములు రాగానే పాత చీర ముక్కలో మూటకట్టుకుని బందరు వచ్చేవారు. వచ్చీరాగానే మా వంటింట్లో దూరి, నేను నానబోసిన పప్పు చూసి నిట్టూర్చేవారు. ఫోన్‌లో మాట్లాడితే మా వీధి వీధంతటికీ వినపడేది. ఆ గొంతుకి అసలు ఫోనెందుకని నేనంటే, మీరు బదులు చెప్పడానికి కావాలి కదా అనేవారు. ఇక దసరా వచ్చిందంటే ఆ ఇంట్లో పసుపూ కుంకుమా తప్పించుకున్న వస్తువు ఉండేది కాదు. ట్రాక్టరు, బోరు స్టార్టరు, మిక్సీ, కొడవలి. ఒక ఏడు నేను అక్కడుంటే నా కళ్లజోడు పెట్టెకి కూడా పెట్టారు. అన్నం పెట్టే వస్తువుకి ఏడాదికోసారైనా దణ్ణం పెట్టకపోతే ఎలా అన్నారు. నా కళ్లజోడు నాకు అన్నం పెట్టిన మాట నిజమే కాబట్టి ఊరుకున్నాను.

జబ్బు వచ్చి వచ్చి ఆ గొంతుకే వచ్చింది. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతుంది, గొంతు దక్కదు అన్నారు డాక్టర్లు. ఆవిడ కొడుకుని పిలిచి, ఫోన్‌లో రికార్డు చెయ్యరా అన్నారు. మనవరాలి పెళ్లి బంతిలో పాడాల్సిన పాటలన్నీ ఒకటొకటిగా పాడారట. దానికింకా సంబంధమే చూడలేదు కదమ్మా అని వాడంటే, "సంబంధం ఆగుతుంది. నా గొంతు ఆగదు" అన్నారట. ఆ మనవరాలు నాకూ మనవరాలే. మా అమ్మాయి కూతురు.

మా అల్లుడు ఆ పాటల్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అమ్మ చేతిలో పెట్టాడు. తర్వాత ఆ ఫోన్ పాడైంది, కొత్తది కొన్నాడు. ఇంజనీరు. ఊరందరికీ జాగ్రత్తలు చెబుతాడు. ఇంకో కాపీ తీసి దాచుకోవాలని మాత్రం తోచలేదు. ఆపరేషన్ తర్వాత ఆవిడకు మిగిలింది ఊపిరి మాత్రమే. మాట్లాడితే గాలి వచ్చేది. దగ్గరగా వంగి వింటేనే ఆ గాలిలో మాట దొరికేది.

పిల్లకి సంబంధం కుదిరింది. ఎల్లుండి పెళ్లనగా మేమంతా గుడివాడలో అల్లుడింట్లో ఉన్నాం. మైకు సెట్టతను వచ్చి, పాటలేమైనా ఉంటే ముందే ఇవ్వండి, సరిచూసుకుంటాను అన్నాడు. ఆవిడ మెడలోని రుమాలు సర్దుకుని, కుంకుమ భరిణె పెట్టుకునే సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసిచ్చారు, గుడిలో ప్రసాదం అందించినట్టు.

అల్లుడు దాన్ని లాప్‌టాప్‌కి పెట్టాడు. తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. ఈ డిస్కుని వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. ఊది పెట్టాడు. అదే. టీవీకి పెడితే టీవీ అసలు గుర్తే పట్టలేదు. మళ్లీ లాప్‌టాప్‌కి పెడితే మళ్లీ అదే ప్రశ్న, అప్పులవాడిలా విసుగూ విరామం లేకుండా. అల్లుడు నుదురు తుడుచుకుని, "ఫార్మాట్ కొట్టేస్తే శుభ్రంగా తెరుచుకుంటుంది లెండి" అని నొక్కేశాడు.

అది వెంటనే చెయ్యలేదు. ఇంకో పెట్టె తెరిచి, ఇందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, సరేనా అని అడిగింది. మిషనుకున్న నిదానం మనిషికి లేదు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కానీ పసుపుపచ్చ త్రికోణంలో ఆశ్చర్యార్థకం ఏ భాషలోనైనా ఒకటే. కొడుకు వేలు మళ్లీ కిందికి దిగబోతుంటే మణికట్టు పట్టుకున్నారు. ఏదో అన్నారు. మైకతను వైర్లు లాగుతున్నాడు, బయట పందిరి రాటలు పాతుతున్నారు, ఆ చప్పుళ్లలో ఎవరికీ వినపడలేదు. వాడు చెయ్యి విడిపించుకోబోయాడు.

నేను ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టి, విన్నది విన్నట్టు పైకి చెప్పాను. "వద్దంటున్నారు. అడిగిన ప్రతివాడికీ ఊఁ అనకూడదట. ఊఁ అన్నాక వెనక్కి రాదట."

వాడు చెయ్యి తీశాడు. ఆవిడ మాత్రం వాడి మణికట్టు చాలాసేపు వదల్లేదు. ఆవిడకు మిగిలిన గొంతు అదొక్కటే, వేలెడంత రేకు ముక్కలో ఉంది. పోతే మళ్లీ పాడటానికి ఆవిడకు ఇంకొకటి లేదు.

బజారులో కంప్యూటర్ షాపతనికి ఫోన్ చేశాం. అతను చెప్పింది నాకు చప్పున అర్థమైంది. అడిగినప్పుడల్లా వద్దనే నొక్కండి, వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి, తెరుచుకుంటే పాటలు వినొద్దు, ముందు కాపీ తీయండి అన్నాడు. లోపల సరుకు ఉండే ఉంటుంది, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక చదవలేక అది ఖాళీ అనుకుంటోంది అన్నాడు. చరిత్ర చెప్పినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. శాసనం చదవలేనివాడికి గుడి ఉత్త రాళ్లగుట్టే.

పెళ్లికూతురి లాప్‌టాప్ తెచ్చాం. దాని చేతులకి గోరింటాకు, ముట్టుకోవడానికి లేదు. అక్కడ నొక్కు, ఇక్కడ నొక్కు అని మోచేత్తో చూపిస్తూ నిలబడింది. పెట్టగానే టుంగ్ మంది. పెన్‌డ్రైవ్ పేరు కనిపించింది. మళ్లీ టుంగ్ మంది, మాయమైంది. వస్తోంది, పోతోంది. అల్లుడు దాన్ని పీకి బల్ల మీద పెట్టి, చచ్చిపోయింది అన్నాడు. తల్లి ముందు ఆ మాట అన్నందుకు వాణ్ణి నేను చూసిన చూపు వాడికి ఇంకా గుర్తుండే ఉంటుంది.

నేను దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికెళ్లాను. కళ్లజోడు సర్దుకుని ఆ రేకు మూతిలోకి చూశాను. లోపల బంగారు రంగులో నాలుగు గీతలుండాలి. గీతలు కనబడలేదు. ఎండిన పసుపు ముద్ద, దాని మీద ఎర్రగా ఇంకేదో.

"వదినగారూ, దీనికి కూడా పెట్టారా?"

తలూపారు. దాపరికమేమీ లేదు. దసరాకి పెట్టారు. ఇంట్లో ప్రతి వస్తువుకీ వీపు మీద పెట్టేవారు కదా, దీనికి నోట్లో ఎందుకు పెట్టారండీ అన్నాను. కోపంగానే అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కున్నారు.

"పాడేది నోరే కదా" అన్నారు.

నేను దాన్ని పైకి చెప్పలేదు. చెప్పకపోయినా అల్లుడికి వినపడినట్టుంది. మందుల షాపులో స్పిరిట్ తెస్తానని మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

అగ్గిపుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో అద్ది, నేను తుడిచాను. ఆవిడ పట్టుకున్నారు. ముందు ఎరుపు వచ్చింది, తర్వాత పసుపు, ఎన్ని దూదులు మార్చినా పసుపు. ఫ్యాను కింద ఆరబెట్టాం. అల్లుడు తొందరపడితే, తడి మీద కరెంటు పెట్టకూడదని నేను చెప్పాలా ఇంజనీరుగారూ అన్నాను. ఆరాక పెట్టాడు. మళ్లీ అదే ప్రశ్న. ఆవిడ కళ్లు మూసుకున్నారు. నేను మళ్లీ తుడిచాను.

పెట్టాడు. టుంగ్ మంది. ప్రశ్న రాలేదు. పాటల పేర్లు వరసగా దిగాయి.

కాపీ పెట్టాడు. పచ్చ గీత పాకుతోంది. బయట ఎవరో కాఫీలు కావాలా అని కేకేస్తే మా అమ్మాయి గుమ్మానికి అడ్డం నిలబడింది. గీత చివర కాస్త మిగలగానే ఆగింది. టుంగ్. పెన్‌డ్రైవ్ మాయమైంది, ఆ దిక్కుమాలిన ప్రశ్న తిరిగొచ్చింది. పాటలన్నీ వచ్చాయి, చివరిదొక్కటే రాలేదు. మర్నాడు షాపులో, పోయిన ఫైళ్లని ఏరుకొచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే అది కూడా దొరికింది. సగం.

ఏ పాట అది అంటే, బందరు వదినమ్మ పాట. మనవరాలి పెళ్లిలో కూడా నన్ను వదలదల్చుకోలేదన్నమాట. ఆవిడ చప్పుడు లేకుండా నవ్వి, పోతే పోయింది, మీకు సంతోషమే కదా అన్నట్టు చెయ్యి ఊపారు.

పెళ్లి భోజనాల్లో బంతి కూర్చోగానే ఆవిడ గొంతు మైకులో లేచింది. మగపెళ్లివారు పాడేదెవరా అని చుట్టూ వెతుక్కున్నారు. పాడిన మనిషి ఆ చివర, మెడకు రుమాలుతో, విస్తరి ముందు కూర్చుని పెదవులు కదుపుతున్నారు. పెళ్లికొడుకు తల్లిని వరసపెట్టి దులిపేసిన పాటలకి హాలంతా నవ్వులు. ఆఖరిపాట మొదలైంది. బందరు వదినమ్మ బహు చదువుల గుమ్మ. అక్కడ తెగిపోయింది.

మైకతను డబ్బా మీద చేత్తో కొట్టాడు. నవ్వడానికి సిద్ధంగా ఉన్న మొహాలన్నీ అలాగే ఆగిపోయాయి. ఆవిడ నా వైపు చూశారు. పెదవులు ఆ రెండో చరణాన్ని అంటూనే ఉన్నాయి. అంత పెద్ద హాల్లో ఆ గాలి ఎవరికి చేరుతుంది? నా చేతిలో నెయ్యి గిన్నె ఉంది. నా గొంతు పాఠాలకి పనికొచ్చింది గానీ పాటకి ఎన్నడూ పనికిరాలేదు.

"బడిగంట వినకుంటే వడ్డించదమ్మా!"

శ్రుతీ లేదు, లయా లేదు. హాజరు పిలిచినట్టుంది. తనను తానే దెప్పుకునే వియ్యపురాల్ని వాళ్లు చూడటం అదే మొదటిసారి కాబోలు, బంతి బంతంతా విరగబడి నవ్వింది. నేను ఆవిడ ముందుకి వచ్చేసరికి, ఆవిడ విస్తరి నా వైపు జరిపి ఉంచారు, ఇంకాస్త వెయ్యమని.

ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. పాటల్ని ఇప్పుడు అందరూ తలోచోటా దాచుకున్నారు, దీని అవసరం ఎవరికీ లేదు. అప్పుడప్పుడూ కంప్యూటర్‌కి పెడతాను. ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. వద్దని నొక్కుతాను.

ఆవిడ పోయిన రోజు నేను బస్సు దిగి వెళ్లేసరికి ఆవిడను వసారాలో పడుకోబెట్టారు. ఆవిడ భర్త, మా అన్నయ్యగారు, స్తంభానికి చేరగిలబడి కూర్చున్నారు. ముత్తైదువగా వెళ్తున్నారని మొహమంతా పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టారు. రాసినవాళ్లు తొందరలో చూసుకోలేదు, పెదవి చివర పసుపు ముద్ద కాస్త తడిగా అంటుకుని ఉంది. నా చెయ్యి దానంతటదే చెంగు పట్టుకుని ముందుకెళ్లింది.

తుడవలేదు. చెంగు వెనక్కి తీసుకుని పక్కన కూర్చున్నాను.