బీరప్ప పొట్టేలు ఒళ్లు దులిపిన రోజు

పొద్దున వానకు తడిసిన గొర్రె ఒకటి మా అరుగెక్కి ఒళ్లు దులిపితే నా మొహం మీద చుక్కలు పడ్డాయి. ఆ తడి ఉన్ని వాసనకు మా అవ్వ గుర్తొచ్చింది.

రజాకార్ల కాలంలో, మా కులదేవుడు బీరప్పకు మొక్కిన పొట్టేలును కోసి, నిజాం మీద కొట్లాడుతూ గుట్టల్లో ఆకలితో దాక్కున్న సంఘంవాళ్లకు అవ్వ వండిపెట్టింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా దేవుడి కోపమేనని వణికేది.

పోలీసు చర్య అయ్యాక మరో పొట్టేలును గుడికి తోలుకెళ్లాం. పసుపునీళ్లు చల్లితే అది ఒళ్లు దులపాలి, అప్పుడే దేవుడు ఒప్పుకున్నట్టు. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా పొట్టేలు ఎంతకూ కదల్లేదు.

"బీరప్పా, ఆకలైనోళ్లకే పెట్టిన. తప్పయితే నన్ను తీస్కపో, పిల్లలను ఇడిశిపెట్టు" అని అవ్వ ఏడ్చింది.

పొట్టేలు ఒళ్లంతా విదిల్చింది. మొహం మీద పడ్డ చుక్కలను తుడుచుకోబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి బిడ్డా. మాఫ్ చేసిండు."

ఇప్పుడు నా చెయ్యి పట్టుకునేవాళ్లు లేరు. అయినా పొద్దుటి చుక్కలను తుడుచుకోలేదు.