రొమ్ము ఎముకకు పుత్తూరు కట్టు

చిత్తూరు ఊరి బయట మిలిటరీ ఆసుపత్రి. మధ్యాహ్నం రెండు గంటలకు మా లారీ గేటు దాటి లోపలికి పోయింది. నలభై అయిదో సంవత్సరం, ఎండాకాలం. యుద్ధం ఇంకా ముగియలేదు. కాట్పాడిలో ఆసుపత్రి రైలు దిగేటప్పుడు నాతో ఉన్న సామాను ఒక కిట్ బ్యాగు, ఒక మగ్గు, రెండు కంబళ్లు, ఒక జత బూట్లు. గేటు దగ్గరే అన్నీ లాక్కుని స్టోర్సులో పెట్టి తాళం వేశారు. నీలం చొక్కా, నీలం పైజామా చేతిలో పెట్టారు. ఆ బట్టలతో రోడ్డెక్కితే మైలు దూరం నుంచే ఆసుపత్రి సిపాయి అని తెలిసిపోతుంది. అందుకే ఆ రంగు.

యుద్ధం కథ చెప్పమని మీరంతా అడుగుతారు. అస్సాం కొండల్లో రోడ్లు వేసే కంపెనీలో రెండేళ్లు గడ్డపార పట్టాను. వాన, బురద, జలగలు. నా మీద ఎవడూ తుపాకీ పేల్చలేదు, నేనూ పేల్చలేదు. నిజంగా భయపడింది ఇక్కడే, చిత్తూరులో, ఇంటికి ఇంత దగ్గరలో, ఇనుప మంచం మీద. వింటానంటే అది చెబుతాను.

వార్డు అంటే పొడుగాటి రేకుల షెడ్డు. పదింటికల్లా రేకులు కాలి టపటపమనేవి. చుట్టూ ముళ్ల తీగ. నాకు చివరి మంచం, కిటికీ పక్కన ఇచ్చారు. కిటికీలోంచి పుత్తూరు రోడ్డు కనిపించేది. పెట్రోలు కరువు రోజులు కాబట్టి వెనకాల బొగ్గుల పొయ్యి తగిలించుకున్న బస్సు మూలుక్కుంటూ పోయేది. అది ఎక్కితే చీకటి పడేలోపు మా ఇంట్లో ఉండొచ్చు. అది పోతుంటే నాకు ఏడుపొచ్చేది. సిగ్గెందుకు, వచ్చేది.

ఎక్కడానికి లేదు. మూడు నెలలుగా జ్వరం. ఎడమవైపు ప్లీహం బొడ్డు దాకా పెరిగింది. జారిపడితే అది పగులుతుందని, పగిలితే మనిషి దక్కడని మంచం దిగవద్దని ఆర్డరు. దొడ్డికి కూడా మంచం మీదే. మలేరియా మందు మింగీ మింగీ చెవులు హోరెత్తాయి గానీ జ్వరం తగ్గలేదు. గోళ్లు, నాలుక సున్నం కొట్టినట్టు పాలిపోయాయి.

కెప్టెన్ డాక్టరు మద్రాసులో పెరిగిన తెలుగాయన. చెవి మీద పెన్సిలు పెట్టుకుని తిరిగేవాడు. దాపరికం లేని మనిషి.

"రెండు అనుమానాలున్నాయి. ఒకటి కాలా అజార్. అస్సాంలో దోమకంటే చిన్న పురుగు కుడితే వస్తుంది. దానికి సూదిమందు ఉంది, బతుకుతావు. రెండోది రక్తం పుట్టే చోటే చెడిపోవడం. దానికి మా దగ్గర మందు లేదు."

"రక్తం యాడ పుడతాది సార్?"

"ఎముక లోపల, మూలుగలో." నా రొమ్ము మధ్యన బొటనవేలితో నొక్కాడు. "ఇక్కడ సూది దించి, మూలుగ చుక్క లాగి చూడాలి. ఆ సూది మా దగ్గర లేదు. మద్రాసు నుంచి మేజర్ డాక్టరు సోమవారం సోమవారం తెస్తాడు."

పక్క మంచం వైర్‌లెస్ నాయక్‌ది. ఆరణి పక్క అరవాయన, తెలుగు బాగా వచ్చు. మా రోడ్డు పడిన లోయలోనే ఆయన వైర్‌లెస్ గుడారం ఉండేది. నాకున్న జ్వరమే, నాకున్న పాలిపోవడమే. పైగా పళ్ల చిగుళ్ల నుంచి రక్తం. పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని వైర్‌లెస్‌లో మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

"హలో, చివరి మంచం. సోమవారం ఇద్దరికీ పొడుపు. వినబడిందా తంబీ? ఓవర్."

"వినబడినాది అన్నా. భయంగా ఉండాది. ఓవర్."

"భయం అందింది. నా దగ్గరా అదే సరుకు. ఓవర్."

సూదికి తయారుచేయడం ఒక పరేడు. మంగలి వచ్చి రొమ్ము గొరిగాడు. కెప్టెన్ డాక్టరు చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, రక్తం ఎంతసేపటికి ఆగుతుందో కాగితంతో అద్దుతూ చూశాడు. నాది ఆగింది. నాయక్‌ది చాలాసేపు ఆగలేదు. ఆ తర్వాత మమ్మల్ని వార్డు హవల్దారుకు అప్పగించారు. కడప మనిషి, మీసాలు చెవుల దాకా. భుజాల కింద ఇసుక మూట పెట్టి పడుకోబెట్టేవాడు.

"కట్టె మాదిరి పడుండల్ల. ఊపిరి పైపైన తియ్యి. దగ్గినావంటే సూది గుండెకాయలోకి పోతాది."

చెప్పే పద్ధతి అదీ! పెన్సిలు మొద్దు కొనతో రొమ్ము మీద ఒత్తేవాడు. "కదిలినావు. మళ్లా." మళ్లీ ఒత్తేవాడు. చర్మానికి మత్తు ఇస్తారట గానీ, మూలుగ లాగే క్షణానికి ఆ మత్తు పనిచేయదట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం దిగలేదు.

నాయనకు కబురు చేయమని హవల్దారునే బతిమాలాను. "నేనేమన్నా టపా బంట్రోతునా?" అని కసిరాడు. సాయంత్రం గేటు దగ్గర బస్సు ఆపి కండక్టరుతో చెప్పి వచ్చాడు.

మా నాయన పుత్తూరు పక్కన ఒక కట్టు కట్టే పెద్దాయన దగ్గర ఆకు నూరేవాడు. కాలో చెయ్యో విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో బండ్లు కట్టుకుని అక్కడికి వచ్చేవాళ్లు. నూరీ నూరీ నాయన కూడా కట్టు నేర్చాడు. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఆకు ముద్ద, గుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, చివరి ముడి వేసేముందు కట్టేవాడు ఆగుతాడు. విప్పే రోజు చెబుతాడు. కట్టించుకునేవాడు "వస్తా" అని నోటితో అనాలి. అంటేనే ముడి పడుతుంది.

ఆదివారం మూడు గంటలకు, చూడవచ్చేవాళ్లను వదిలే వేళ, నాయన మూట భుజాన వేసుకుని వచ్చాడు. నన్ను చూసి మంచం కోడు పట్టుకున్నాడు.

"ఏంది నాయనా మునిరత్నం, ఇట్లయిపోయినావు! విరిగిన ఎముకను అతికిస్తారు గానీ, బాగుండే ఎముకను పొడిసేదేంది? యాడన్నా ఉండాదా ఈ చోద్యం?"

ఎందుకు పొడుస్తారో చెప్పాను. అంతా విన్నాడు. మూట విప్పాడు.

"సరే, తప్పదు గదా. ముందే కట్టేస్తే ఎముక గట్టిపడతాది. సూది దిగినా పగలదు."

డాక్టరు తిడతాడని నాకు తెలుసు. అయినా వద్దనలేదు. రెండేళ్ల తర్వాత ఆకు వాసన కొట్టే ఆ చెయ్యి నా ఒంటి మీద పడింది. ఎట్లా వద్దంటాను? నాయక్ తలుపు వైపు కాపలా కాశాడు. "హవల్దార్ గేటు దగ్గరే. దారి ఖాళీ. ఓవర్." నాయన పదిహేనో నాడు విప్పుతానన్నాడు. వస్తా అన్నాను. ముడి వేశాడు.

సోమవారం తొమ్మిదింటికి మేజర్ డాక్టరు చొక్కా విప్పమన్నాడు. రొమ్ము మీద పచ్చటి గోడ. ఆయన దాని మీద వేలితో కొట్టి చూశాడు. కెప్టెన్ డాక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. హవల్దారు అటెన్షన్‌లో నిలబడి, "పుత్తూరు కట్టు సార్!" అని రిపోర్టు ఇచ్చాడు. వేడినీళ్లతో నానబెట్టి విప్పారు. కింద, గొరిగిన చర్మమంతా ఎర్రగా పొక్కి ఉంది.

"ఈ చర్మంలోంచి సూది దించితే చీము ఎముకలోకి పోతుంది," అన్నాడు మేజర్. "వచ్చే సోమవారం."

ఇంకో వారం అదే మంచం, అదే కిటికీ, అదే బస్సు. నా మీద నాకే మంట పుట్టింది. హవల్దారు సంగతి చెప్పక్కర్లేదు. "మీ నాయన మళ్లా మూటతో వచ్చినాడంటే ఆయన నోటికే కట్టేస్తా," అన్నాడు.

నాయక్‌ను తెర వెనక్కి తీసుకుపోయారు. చెవులు రిక్కించి పడుకున్నాను. ఒక్కసారి "అమ్మా" అని వినిపించింది. స్ట్రెచర్ మీద తిరిగి వచ్చాక ఆయన పిడికిలి ఎత్తకుండానే చెప్పాడు.

"పొడుపు ఏమీ లేదు తంబీ. లాగుడే. ప్రాణాన్ని దారం మాదిరి లాగినట్టు ఉంది."

బుధవారం కెప్టెన్ డాక్టరు వచ్చి నాయక్ మంచం మీద కూర్చున్నాడు. ఆయన ఎవరి మంచం మీదా కూర్చునేవాడు కాదు. నాకు అర్థమైపోయింది. నాయక్‌ది ఆ రెండోదే.

"సరిగ్గా చూసినారా సార్? ఇంకొకసారి చూడండి."

"రెండుసార్లు చూశాను. ఆదివారం సాయంత్రం రైలుకు మద్రాసు పెద్దాసుపత్రికి పంపిస్తున్నాం."

అదే లోయ, అదే జ్వరం. నా తీర్పు కూడా చెప్పేసినట్టే అనుకున్నాను. మర్నాడు బస్సు వచ్చింది. ఏమనుకున్నానో ఏమో, మంచం దిగాను. బూట్లు లేవు, బట్టలు నీలం, అయినా తీగ దూకి పోదామనే. నాలుగడుగులకే కళ్లు తిరిగాయి. హవల్దారు చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు.

"యాడికి పోతావురా? రోగం నీ లోపల ఉండాది. తీగ దాటితే అది ఈడ్నే నిలస్తాదా?"

తిట్టలేదు. పడుకోబెట్టి దుప్పటి కప్పాడు. ఆ రోజు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పక్క మంచం నుంచి నాయక్ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. చావు ఖాయమైనవాడు నన్ను ఊరుకోబెట్టాడు.

ఆదివారం నాయన మళ్లీ వచ్చాడు. మళ్లీ మూటే. పొడిచాక బెజ్జానికి కట్టాలి కదా అని డాక్టరును అడగడానికట. నాయక్ లేచి కూర్చున్నాడు.

"అయ్యా, నాకు కట్టండి."

"నీకేం ఇరగలేదే నాయనా."

"విరగలేదు. రక్తం చెడింది. మందు లేదన్నారు."

నాయన మూట మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఈ ఆకు రక్తానికి పనిసెయ్యదు. నీతో అబద్ధం సెప్పలేను."

"తెలుసు అయ్యా. అయినా కట్టండి."

హవల్దారు తలుపులో నిలబడి అంతా విన్నాడు. ఇప్పుడు కేక వేస్తాడనుకున్నాను. వంటశాల వైపు పోయి రెండు పచ్చి గుడ్లు తెచ్చి నాయన పక్కన పెట్టాడు. మాకు వీపు తిప్పి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

నాయన ఎప్పుడూ అంత నెమ్మదిగా కట్టలేదు. గుడ్డ చివరలు రెండూ పట్టుకుని ఆగాడు. రోజు చెప్పాలి. కిటికీలోంచి రోడ్డు వైపు చూసి అన్నాడు, "ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణి సామికి మా దోవనే కావళ్లు పోతాయి. దానికి ముందు నాడు వచ్చి ఇప్పించుకో. వస్తావా?"

నాయక్ పిడికిలి నోటి దగ్గర పెట్టుకున్నాడు. "వస్తాను అయ్యా. ఓవర్."

నాయన ముడి వేశాడు. ఓవర్ అంటే బదులు చెప్పాలని ఆయనకు తెలియదు. నాయక్ తల మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు. సాయంత్రం స్ట్రెచర్ మీద నాయక్ వెళ్లిపోయాడు. నీలం చొక్కా కింద కట్టు ఎత్తుగా కనిపించింది.

మర్నాడు నా వంతు. కట్టెలాగా పడుకున్నాను. నాయక్ చెప్పింది నిజం, లాగుడే. రెండు రోజుల తర్వాత కెప్టెన్ డాక్టరు వచ్చాడు. నేను ఆయన ముఖం చూడలేదు, కూర్చుంటాడా అని చూశాను. నిలబడే చెప్పాడు. "కాలా అజార్. రేపటి నుంచి సూదులు." పెద్దగా నవ్వాను. పక్కన ఖాళీ మంచం కనిపించి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

సూదులు పూర్తయ్యాయి, ప్లీహం తగ్గింది. బూట్లు, కిట్ బ్యాగు తిరిగి ఇచ్చారు. గేటు దగ్గర కెప్టెన్ డాక్టరు ఆపి, నాయక్ మద్రాసులో పోయాడని చెప్పాడు. బొగ్గుల బస్సు ఎక్కాను. ఇన్నాళ్లూ కలలు కన్న బస్సులో కూర్చుని దారంతా కిటికీ బయటికి చూడలేదు. ఇంటికి పోయిన రాత్రే నాయనకు సంగతి చెప్పాను.

ఆడి కృత్తికకు ముందు రోజు. పసుపు బట్టలు కట్టుకుని, భుజాన పూల కావళ్లతో జనం తిరుత్తణి వైపు పోతున్నారు. నాయన పనికి పోలేదు. వాకిట్లో పొయ్యి పెట్టి, కట్టు నానబెట్టే పెద్ద కుండతో నీళ్లు కాచాడు. పక్కన పీట వాల్చాడు. చల్లారితే మళ్లీ కాచాడు. మధ్యాహ్నం దాకా చూసి చూసి నేను ఉండబట్టలేకపోయాను.

"నాయనా, ఆయన రాడు."

"తెలుసురా." పొయ్యిలో ఇంకో కట్టె తోశాడు. "రోజు సెప్పినోణ్ణి నేను. నేను ఉండల్ల గదా."

దీపాలు పెట్టే వేళ దాకా ఆ పీట పక్కనే కూర్చున్నాడు. నేనూ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. కుండ మీద ఆవిరి, ముందర ఖాళీ పీట. యుద్ధం గురించి ఎవరు అడిగినా నాకు కనిపించేది అదే.