బడి ఆడదా, మగవాడా

పదో తరగతి చదివే ఆ రోజుల్లో నాకు గట్టిగా వచ్చిన విద్య ఒక్కటే, ఎదురు చెప్పడం. లెక్కలు సగమే వచ్చేవి. సైన్సు పరీక్షల ముందు వచ్చి పరీక్షలు కాగానే వెళ్ళిపోయేది. ఎదురు మాట మాత్రం పిలవకుండానే నోట్లో సిద్ధంగా ఉండేది. "గీ పిల్లకు పుట్టంగనే నాలిక మీద కారం రాసిన్రా ఏంది?" అని పక్కింటి పెద్దమ్మ మా అమ్మను అడిగేది. అమ్మ జవాబు చెప్పేలోపే నేను చెప్పేసేదాన్ని. అలాంటి నోరు బడికి ఒక రోజు పనికొస్తుందని ఎవరనుకున్నారు?

మాది సిరొంచ, మహారాష్ట్ర సరిహద్దు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఏది ముందు దొరికితే అది. మరాఠీ మాకు బాగానే వచ్చేది గాని అందులోని లింగాలు మాత్రం వచ్చేవి కావు. ఆ భాషలో ప్రతి వస్తువూ మగదో, ఆడదో, రెండూ కానిదో అయి తీరాలి. మగదైతే 'తో', ఆడదైతే 'తీ', రెండూ కాకపోతే 'తే'. రోడ్డు మగవాడు, నది ఆడది, పుస్తకం ఏదీ కాదు. ఎందుకని అడిగితే "అది అంతే" అనేవారు మా మరాఠీ సార్. ఆయన నాగపూర్ అవతలి నుంచి వచ్చిన మనిషి. రోజంతా మా వాక్యాల వెంటపడి తో, తీ, తే అని దిద్దుతూ తిరిగేవారు కాబట్టి ఆయనకు తోతీతే సార్ అన్న పేరు స్థిరపడింది. (ఆ పేరు పెట్టింది నేనేనని ఒక పుకారు. నేను ఖండించలేదు.)

ఆ ఏడాది బళ్ళ మధ్య మరాఠీ వాదవివాద పోటీలు వచ్చాయి. ఒక్కో బడి నుంచి ఇద్దరు వెళ్ళాలి, ఒకరు విషయానికి అనుకూలంగా, ఒకరు ప్రతికూలంగా మాట్లాడాలి. ప్రతికూలానికి తోతీతే సార్ క్లాసంతా చూడకుండానే నన్ను లేపారు. అనుకూలానికి జింగనూర్‌ను ఎంచారు. జింగనూర్ అంటే ఊరే గాని మేము ఆ ఊరి నుంచి వచ్చిన అబ్బాయినే అలా పిలిచేవాళ్ళం. హాస్టల్లో ఉండి చదివేవాడు. ఇంట్లో గోండీ, మాతో తెలుగు, క్లాసులో మరాఠీ. ఏది అడిగినా ఏ భాషలో చెప్పాలో తేల్చుకోవడానికి కాసేపు ఆగేవాడు. చూసేవాళ్ళు ఆ ఆగడాన్ని లోతైన ఆలోచన అనుకునేవారు. సిరొంచలో జరిగిన మొదటి పోటీలో మేము గెలిచామంటే అందులో సగం ఘనత అతని మౌనానిదే. మిగతా సగం, రావలసిన ఒక బడి బస్సు చెడిపోయి రాలేకపోవడానిది.

తర్వాతి పోటీ అహేరిలో. వెళ్ళడానికి ముందు పెద్దసార్, అంటే మా హెడ్మాస్టర్, మమ్మల్ని ఆపేశారు. "మొన్న మీరు మాట్లాడింది విన్న. అన్నీ తప్పులే. అహేరిల పరువు పోతది. ఇంట్ల మరాఠీ మాట్లాడే పిల్లలున్నరు గద, ఆఫీసర్ల పిల్లలు, ఆళ్ళను పంపుదాం" అన్నారు. ఇంటికొచ్చి అన్నం ముందు మొహం వేలాడేసుకు కూర్చున్నాను. మా బాపు "పోనీతియ్ బిడ్డా" అన్నాడు. ఆయన తల్లి, మా బాపమ్మ, వయసంతా కూలికి వెళ్ళిన మనిషి, ఆ మాట పడనివ్వలేదు. "పోనియ్యనీకి గది కోడిపిల్లనా? మిర్చి ఏరవోయిన కాడ సేటు ముంగట కూలెక్కువ అడిగిన నోరు నాది. నీ పెద్దసారు ముంగట నీ నోటికేం రోగమొచ్చిందే?" అంది.

మర్నాడు జింగనూర్‌ను వెంటేసుకుని పెద్దసార్ గదికి వెళ్ళాను. తోతీతే సార్ కూడా అక్కడే ఉన్నారు. "మమ్మల్ని పంపొద్దనే మాట మీద మేము వాదిస్తం సార్, మీరే తీర్పు చెప్పున్రి" అన్నాను. పెద్దసార్ నవ్వి సరే అన్నారు. జింగనూర్ ముందుకొచ్చాడు, అలవాటుగా కాసేపు ఆగాడు, "ఈళ్ళను పంపొద్దనే మాటకు నేను అనుకూలం సార్" అని మొదలుపెట్టాడు. మేమిద్దరం అన్నాళ్ళూ అలాగే సాధన చేశాం మరి, అతను అనుకూలం, నేను ప్రతికూలం! మా తప్పులన్నీ వరసపెట్టి చెప్పాడు. నా తప్పుల్ని ఉదాహరణలతో చెప్పాడు. నేను కాలు తొక్కితే కాలు పక్కకు జరుపుకుని మరీ చెప్పాడు. అంతా అయ్యాక పెద్దసార్‌కు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే అందుకున్నాను. "తప్పులు మాట్లాడుతమని పంపకపోతే ఒప్పు ఎప్పుడు మాట్లాడాలె సార్? ఇంట్ల మరాఠీ ఉన్నోళ్ళు మాట్లాడితే గది ఆళ్ళ అమ్మల గొప్పతనం. మేం మాట్లాడితే గది మీ బడి గొప్పతనం. మీకు ఏది కావాలె?" పెద్దసార్ తోతీతే సార్ వైపు చూశారు. తోతీతే సార్ కిటికీ వైపు చూశారు, కాని మీసం కింద నవ్వు దాగలేదు. "నీతోని నేను పరేషాన్ అయితున్న. పోన్రి, పోయి రాన్రి" అన్నారు పెద్దసార్. బయటికొచ్చాక జింగనూర్‌ను అడిగాను, ఎందుకురా నా మీద అంత పగ అని. వాడు ఆగి, ఆలోచించి, "నేను గట్టిగ చెప్పకపోతే నువ్వు గింత గట్టిగ చెప్తుంటివా?" అన్నాడు. అది తెలివో, దొరికిపోయాక చెప్పిన సాకో నాకు నేటికీ తెలియదు.

అహేరిలో విషయం, చదువు కోసం పల్లె విడిచి పట్నం పోవాలి. జింగనూర్ తన మౌనంతో సహా చక్కగా మాట్లాడి దిగాడు. నేను మైకు ముందుకెళ్ళి "నా బడి, నా నది" అని గొప్పగా ఎత్తుకున్నాను. మరాఠీలో రెండూ ఆడవి, 'మాఝీ' అనాలి. నేను 'మాఝా' అని రెండింటినీ మగవాళ్ళను చేసేశాను. ముందు వరసలు ఘొల్లుమన్నాయి. ఒక న్యాయనిర్ణేత కూడా చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చెవులు కాలిపోయాయి. నేను కాగితం మడిచేశాను.

"మా ఇంటి భాషలో బడి ఆడదీ కాదు, మగవాడూ కాదు. బడి బడే, నది నదే" అన్నాను, మరాఠీలోనే. "మీ భాషలో వాటికి ఆడా మగా ఉందని నేర్చుకుని, ఆ బరువు మోసుకుంటూ గతుకుల దారిలో ఇంత దూరం వచ్చాం. మీలో ఒక్కరు మా భాషలో ఒక్క వాక్యం చెప్పండి, తప్పైనా పర్లేదు. తర్వాత అందరం కలిసి నవ్వుకుందాం." హాలు వెనకవైపు జిమల్‌గట్ట నుంచి వచ్చిన పిల్లలు, మాలాగే ఇంట్లో మరాఠీ లేనివాళ్ళు, కూర్చున్నారు. ముందు ఒక ఈల, తర్వాత బల్లల మీద దరువు. నాకు రెక్కలు వచ్చినట్టయింది. అలా ఎగురుతూ ఉండగా తెలిసింది, అసలు విషయం ఏమిటో పూర్తిగా మర్చిపోయానని. పల్లెకూ పట్నానికీ ఏదో గొడవ ఉందని గుర్తుంది గాని నేను ఎవరి పక్షమో గుర్తు రాలేదు. గంట మోగేదాకా అలాగే తల ఎత్తుకుని నిలబడి, అలాగే దిగి వచ్చాను. (తల దించితే ఓడినట్టు కదా!)

ఓడాం. జిల్లా పోటీకి వేరే బడి వెళ్ళింది.

తిరుగు బస్సులో తోతీతే సార్ మా ముందు సీట్లో కూర్చున్నారు. పక్క సీటు ముసలమ్మ "గీ పిల్లలు గెలిచిన్రా సారూ?" అని అడిగింది. ఆయన ఎప్పుడూ తెలుగు మాట్లాడగా మేము వినలేదు. గొంతు సవరించుకుని, నా వైపు చెయ్యి చూపించి, "మా పిల్ల... మంచిగ మాట్లాడిండు" అన్నారు. బస్సంతా పగలబడి నవ్వింది. జింగనూర్ మాత్రం నవ్వకుండా, "మాట్లాడిండు కాదు సార్, మాట్లాడింది. తో కాదు, తీ" అన్నాడు. సార్ మొహం ఎర్రబడింది, ఆ తర్వాత అందరికంటే ఎక్కువగా ఆయనే నవ్వారు. "మరి బస్సు? బస్సు వచ్చిండా, వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది అన్నాం. "పిల్ల వచ్చింది, బస్సు వచ్చింది. మీ భాషలో ఆడపిల్లా బస్సూ ఒకటేనా?" ముసలమ్మ తాపీగా "అంతే సారూ, మొగోనికే వేరే పెట్టిన్రు. మమ్ముల బస్సుతోని, బర్రెతోని జమకట్టిన్రు" అంది.

ఇప్పుడు మా జిల్లా కేంద్రం గడ్చిరోలిలో ఉద్యోగం. మరాఠీ తప్పుల్లేకుండా వస్తుంది. మీటింగుల్లో ఏదైనా నచ్చకపోతే ముందు మనసులో వాక్యం కూర్చుకుంటాను, లింగం సరిచూసుకుంటాను, మర్యాద సరిచూసుకుంటాను. అంతలో వాళ్ళు టీ తాగి లేచిపోతారు. పదో తరగతి నాటి నాకు, ఆ రెండు జడల పిల్లకు, లింగాలూ రావు, భయమూ రాదు. ఇప్పటి నాకు రెండూ వచ్చేశాయి. మొన్న మాత్రం ఒక పెద్దమనిషి "సిరొంచ వాళ్ళకి ఇంతకన్నా మంచి రోడ్డు ఎందుకు" అన్నాడు. నేను వాక్యం కూర్చుకోకుండానే లేచాను. మాట్లాడుతూ మాట్లాడుతూ మొదటి ముక్కలోనే రోడ్డును ఆడదాన్ని చేసేశాననుకుంటాను. గదిలో ఎవరూ నవ్వలేదు. ఒక్కరైనా నవ్వి ఉంటే ఎంత బాగుండేదో, జవాబు నోట్లోనే ఉంది.