అత్త పేరు పెట్టిన కెమెరా

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పుట్టింది రైలు పట్టాల పక్కన, పెళ్లయి వచ్చిందీ పట్టాల పక్కకే. పట్టాల మీద పోయినవాళ్ల గురించి వాడలో ఆడవాళ్లు ఏవేవో చెప్పుకుంటుంటే, "బతికున్నవాళ్లతోనే వేగలేకపోతున్నాం, పోయినవాళ్లకు మనతో ఏం పని" అని నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వడం లేదు. అలాగని నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది శ్రీకాకుళం వైపు. మా మావగారు రైల్వేలో గ్యాంగ్‌మన్ పనికి రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పట్టాల మీద పనిలో ఉంటే, అత్త రోజూ మధ్యాహ్నం కేరేజీలో అన్నం పట్టుకెళ్లి ఇచ్చేది. మా ఆయన గూడ్సు బండి గార్డు. డ్యూటీ ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతారో చెప్పలేం. రాయపూర్‌లోనే గుఢియారీ పేటలో మేముండే ఇంటి గేటు తీస్తే సందు, సందు చివర పట్టాలు.

మావగారు పోయిన చాలా ఏళ్లకు అత్తకు మతిమరుపు మొదలైంది. ముందు మనుషుల పేర్లు మరిచిపోయింది. తర్వాత ఆయన పోయారన్న సంగతే మరిచిపోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఖాళీ కేరేజీ పట్టుకుని గేటు వైపు నడిచేది.

"ఎక్కడికి అత్తా?"

"ఎక్కడికేటే? మీ మావ ఎండలో ఉన్నాడు, ఆకలేస్తాది కదా."

"మావ పోయి ఎన్నేళ్లయింది!"

"నోరు ముయ్యే! నా తాళి తెంపుతావేటి?" అని కేరేజీ గిన్నె నా మీదకి విసిరేది.

ఒకరోజు గేటుకు తాళం వేసి షాపుకు వెళ్లాను. వచ్చేసరికి గేటు చువ్వలు బాది బాది చేతులు చిట్లి, చీరంతా రక్తం. మళ్లీ తాళం వెయ్యలేదు. షాపు మానడానికీ మనసొప్పలేదు. బజారులో జాకెట్లు కుట్టే చిన్న షాపు అది. నలభై దాటాక మా తెలుగువాళ్ల ఆదివారం తరగతిలో పిల్లల మధ్య కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ షాపు బోర్డు మీద నా పేరు నేనే రాసుకున్నాను. దాన్ని మూసెయ్యమంటే ఎలా?

అప్పుడు మా ఆయన కెమెరా పెట్టిద్దామన్నారు. గేటు వైపు వెళ్తుంటే షాపు నుంచే చూసి కేకెయ్యొచ్చు, వినకపోతే పరుగెత్తి రావొచ్చు. కరోనా తగ్గిన తర్వాతి ఎండాకాలం అది.

బజారులో కెమెరాలు బిగించే సంతోష్ వచ్చి, గేటు బాగా కనబడేలా వరండా గోడకు బిగించాడు. నా ఫోన్‌లో యాప్ వేశాడు. ఫోన్ మీద వచ్చిన నల్లగళ్ల బొమ్మను కెమెరా కంటి ముందు పట్టుకోమన్నాడు. ఎర్రగా మినుకుమంటున్న దీపం నీలంగా మారింది. వైఫై పాస్‌వర్డ్ నేనే కొట్టాను, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. కెమెరాకు ఏం పేరు పెట్టమంటారని అడిగాడు. ఫోన్ తీసుకుని తెలుగులో "అత్త" అని కొట్టాను. పక్కనే ఇంగ్లీషులో ఆన్‌లైన్ అని పచ్చగా పడింది. నెట్ పోతే అక్కడ ఆఫ్‌లైన్ అని వస్తుందని చూపించాడు. మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడితే కెమెరాలోంచి మన మాట వినిపిస్తుందన్నాడు. లోపల ఒక మెమరీ కార్డు కూడా పెట్టాడు.

అందులోంచి నా గొంతు రాగానే అత్త పైకి చూసింది. "ఒక కోడలు సాలదని గోడకి ఇంకోటి తగిలించారేటి?" అంది. మా ఆయన పడీపడీ నవ్వారు.

కొన్నాళ్లు బాగానే జరిగింది. షాపులో మిషన్ మీద నుంచే "అత్తా, లోపలికెళ్లు" అని అరిచేదాన్ని. "నువ్వే ఎల్లు" అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగేది.

ఒక మధ్యాహ్నం ఫోన్ తెరిస్తే బొమ్మ రాలేదు. అత్త అన్న మాట పక్కన ఆఫ్‌లైన్ అని ఉంది. మైకు నొక్కితే పనిచెయ్యలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. షాపు అలాగే వదిలేసి పరుగెత్తాను. మా సందులోకి మలుపు తిరుగుతుండగా గూడ్సు బండి కూత వినిపించింది.

గేటు గడియ సగం లాగి ఉంది. సందులో ఎవరూ లేరు. లోపలికి వెళ్తే అత్త మంచం మీద పడుకుని ఉంది. కేరేజీ తలగడ పక్కన ఉంది.

"ఇందాకటి నుంచి అరిసి అరిసి, ఇప్పుడు పరిగెత్తుకొచ్చావేటే?" అంది.

"నేనెక్కడ అరిచాను అత్తా?"

గోడ మీది కెమెరా వైపు చెయ్యి చూపింది. "మీ మావకి బువ్వ నువ్వే ఇచ్చొచ్చానన్నావు కదా. సరేలే అని వచ్చి పడుకున్నాను."

మతి లేని మాటలే అనుకున్నాను. కాని సగం లాగిన ఆ గడియ నన్ను నిద్రపోనివ్వలేదు.

మర్నాడు సంతోష్ వచ్చాడు. సందు మొదట్లో పైపుల కోసం తవ్వుతూ నెట్ వైరు తెంపేశారన్నాడు. నెట్ లేకపోయినా కరెంటు ఉంది కాబట్టి, కార్డులో బొమ్మ పడే ఉంటుందన్నాడు. చూపించమన్నాను. కార్డు తీసి తన లాప్‌టాప్‌లో పెట్టాడు.

అత్త కేరేజీతో వరండా దిగింది. గేటు దగ్గరికి వెళ్లి గడియ లాగుతోంది. అప్పుడు గొంతు వినిపించింది.

"అమ్మా, ఆగు. మావకి బువ్వ నాను ఇచ్చొచ్చాను. తినీసారు. నువ్వెల్లి పడుకో."

తర్వాత చిన్న దగ్గు. అత్త గడియ వదిలేసి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత బండి కూత.

ఆ గొంతు నాదే. కాస్త బొంగురుగా ఉంది, అంతే. కాని ఆ మాటలు నావి కావు. పెళ్లయిన నాటి నుంచి ఆవిడను నేను అమ్మా అని పిలవలేదు. మా ఇద్దరికీ ఎప్పుడూ అంత చనువు లేదు. మావ పోయారని రోజూ వాదించడమే గాని, అన్నం ఇచ్చొచ్చానని చెప్పొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

"ఆప్‌హీ కా ఆవాజ్ హై న, ఆంటీజీ" అని, మీ గొంతే కదా అన్నట్టు సంతోష్ నవ్వాడు. ఇది నెట్ లేనప్పటిదే కదా అన్నాను. నా ఫోన్ తీసుకుని నెట్ ఎప్పుడు పోయిందో చూశాడు. మళ్లీ కార్డు పెట్టి విన్నాడు. నవ్వు పోయింది. "నెట్ నహీ థా, తో ఆవాజ్ ఆయా కైసే?" అన్నాడు, నెట్ లేనప్పుడు గొంతెలా వచ్చిందని నన్నే అడుగుతున్నట్టు. యాప్ ఇంకెవరి ఫోన్‌లోనైనా ఉందా అని అడిగాడు. లేదు. ఉన్నా నెట్ లేకుండా మాట రాదని అతనే అన్నాడు. తర్వాత ఎప్పుడు పిలిచినా వేరేవాళ్లను పంపాడు గాని, మా ఇంటి గడప తొక్కలేదు.

మా ఆయన వచ్చి విన్నారు. "నీ గొంతే. జలుబు చేసినట్టుంది" అన్నారు. నాకు జలుబు లేదు.

ఆ వారమే మిషన్ ఇంటికి తెచ్చేసుకున్నాను. అత్త కేరేజీ పట్టుకోగానే ఎదురుగా వెళ్లి ఆ మాటలే అన్నాను. అమ్మా అనడం మొదటిసారి కష్టమైంది. అత్త కేరేజీ కింద పెట్టేసింది.

"తిన్నాడా? కూరెలాగుందన్నాడు?"

"బాగుందన్నారు."

"నువ్వొండింది బాగుందన్నాడా! ముసలోడికి నోరు సచ్చిపోనాది."

ఎన్నో ఏళ్ల తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం. ఆ మాటలతోనే మిగిలిన రోజులన్నీ గడిచాయి. అత్త పట్టాల మీద పోలేదు. తన మంచం మీద, నా చెయ్యి పట్టుకుని పోయింది.

కిందటేడు నా గొంతుకు ఆపరేషన్ అయింది. నయమైంది గాని గొంతు మారిపోయింది. మాట చివర చిన్న దగ్గు వస్తుంది. ఒకరోజు మా ఆయనకు ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపి, సరిగ్గా వెళ్లిందో లేదో అని విన్నాను. మళ్లీ పెట్టుకుని విన్నాను. ఆ కార్డులో విన్న గొంతు అది.

ఆయనకూ వినిపించాను. "ఆ పాత కెమెరా తీసీసి కొత్తది ఎట్టిద్దాం" అన్నారు. వద్దన్నాను.

ఇది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాటలు అత్తకు ఎదురుగా ఎన్నోసార్లు అన్నాను. మైకు నొక్కి, కెమెరాలోంచి ఒక్కసారి కూడా అనలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడను ఆపింది నేనే అయితే, ఆపడం నాకింకా మిగిలే ఉంది.

అందుకే ఫోన్ చార్జింగ్ అయిపోనివ్వను. మధ్యాహ్నం కాగానే యాప్ తెరుస్తాను. అత్త అన్న మాట పక్కన ఆన్‌లైన్ అని పచ్చగా ఉంటుంది. ఖాళీ గేటు కనిపిస్తుంది. బండి కూత వినిపించి, అది దాటిపోయేదాకా మైకు బొమ్మ మీద నుంచి వేలు తియ్యను.