దాచుకోమంటే దాచింది

మా అక్క టైలరు. గుడ్డ విషయంలో ఆమెంత పిసినారి ఉండదు, మిగిలిన పీలికతో కూడా జేబు కుట్టేస్తుంది. డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతిలో పైసా నిలవదు. తనకు రాని బుద్ధి కూతురికైనా రావాలని పట్టుబట్టింది. కూతురికి ఏడేళ్లు. కుట్టుమిషను చుట్టూ దొర్లుతూ పెరిగింది కాబట్టి అందరం గుండీ అంటాం.

సాయంత్రం అయస్కాంతం పట్టుకుని నేలమీద రాలిన గుండుసూదులు ఏరడం గుండీ పని. వారానికో నాణెం కూలి. ఇచ్చినప్పుడల్లా అక్కది ఒకటే మాట.

"దాచుకో. కళ్లెదురుగా ఉంటే ఖర్చయిపోతుంది. దాచుకుంటేనే నీది."

నెల తిరిగాక అడిగింది. "నీ నాణేలు ఏవే?"

"దాచాను."

"ఎక్కడ?"

"చెప్తే దాచినట్టు ఎలా అవుతుందమ్మా?"

అక్క మురిసిపోయింది. వీధిలో కనబడ్డ ప్రతివాళ్లకూ ఈ ముక్క చెప్పింది. నాకైతే మూడుసార్లు చెప్పింది. ఆ పిల్లకు దాచుకోవడానికీ దాచేయడానికీ తేడా తెలుసా అన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. పెద్దవాళ్లం కదా, మాకన్నీ తెలుసు.

తొక్కి తొక్కి అక్క మోకాళ్లు అరిగాయి. మిషనుకు మోటారైనా పెట్టించుకో, పనైనా మానుకో అన్నాడు డాక్టరు. పని మానితే ఇల్లు గడవదు. నానా తంటాలు పడి ఏడాదిలో ఆ డబ్బు కూడబెట్టి, గుండీల డబ్బా అడుగున పెట్టింది. మోటారు బిగించడానికి మెకానిక్ వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అక్క డబ్బా బోర్లించింది. గుండీలు తప్ప ఏమీ రాలలేదు.

బావ సరుకుల లారీతో ఊళ్లు తిరుగుతుంటాడు, ఆ నెల ఇంకా రాలేదు. ఇంట్లో అక్క, గుండీ, అక్క అత్తగారు, అంతే. అత్తగారు పోయిన వారమే కళ్లజోడు మార్పించమని అడిగింది. అక్క ఆమెను ఏమీ అడగలేదు. అడిగినా బాగుండేది. కత్తెర బల్లమీద పడేసి, గోడతో చెప్పినట్టు అంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు."

అత్తగారు లేచి తన సంచి తెచ్చి బల్లమీద కుమ్మరించింది. దారంతో కట్టిన కళ్లజోడు, దువ్వెన, రెండు మాత్రలు.

"చూసుకో."

"మిమ్మల్ని అనలేదత్తయ్యా."

"మరెవర్నమ్మా? మెకానిక్‌నా?"

గుమ్మంలో మెకానిక్ ఉండాలో వెళ్లాలో తెలియక నిలబడ్డాడు. నాకూ ఏం చెయ్యాలో తోచక, ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాను. అత్తగారి దిండు ఎత్తితే లోపల గలగలమంది. ఒక మూల ఎర్రదారంతో వంకరటింకర కుట్లు. అక్క విప్పింది. నోట్ల కట్ట చేతికొచ్చింది.

అత్తగారు మంచం అంచున కూలబడింది. దిండు విప్పిన మూల తడిమి చూసింది.

"నేనే పెట్టానా? ఈమధ్య ఏదీ గుర్తుండట్లేదు. నేనే పెట్టి ఉంటానేమోలే."

చెయ్యని దొంగతనం ఆమె ఒప్పేసుకుంటోంది.

నోట్ల వెనకే గుప్పెడు నాణేలు దొర్లాయి. గుండీ ఘొల్లుమంది.

"అందరూ చూసేశారు! ఇంక ఖర్చయిపోతుంది! డబ్బాలో గుండీలు జరిపితే డబ్బు కనబడిపోతోందని నేనే దాచాను. నాన్నమ్మ తల ఎప్పుడూ దానిమీదే ఉంటుంది కదా, దొంగలు రారు. నువ్వేగా దాచమన్నావు!"

కొట్టాలో ముద్దుపెట్టుకోవాలో అక్కకు పాలుపోలేదు. నాకూ అంతే.

"దాన్నేమీ అనకు, చెప్పినట్టే చేసింది" అంది అత్తగారు.

తప్పయిపోయిందత్తయ్యా అని అక్క ఎన్నిసార్లు అందో, పర్లేదమ్మా అని ఆమె అన్నిసార్లూ అంది.

మోటారు బిగించారు. మోకాళ్లు కాస్త తెరిపిన పడ్డాయి. కానీ అత్తగారు ఇప్పుడు గుమ్మం దాటే ముందు ప్రతిసారీ సంచి తెరిచి మిషను బల్లమీద పెడుతుంది. "చూసుకోమ్మా" అంటుంది, మామూలుగానే. అది కోపమో, వేళాకోళమో, తన మతిమరుపంటే భయమో మాకు అంతుపట్టదు. అక్క బతిమాలింది, ఏడ్చింది కూడా. ఆమె మానలేదు.

నిన్న పొద్దున బడికి బయల్దేరుతూ గుండీ తన పుస్తకాల సంచి జిప్పు తీసి బల్లమీద పెట్టింది.

"చూసుకో అమ్మా."

అక్క మిషను ఆపేసింది. "ఎవరు నేర్పారే నీకిది?"

"త్వరగా చూడమ్మా, బడికి ఆలస్యమవుతోంది" అంది గుండీ.